ఓబళప్ప పులియోగరె వార్త

బళేపేటలో గాజుల అంగడి నడిపే ఓబళప్ప, 1978 ఎండాకాలమంతా పొద్దున్నే పూజ ముగించి, పులిహోరలాంటి పులియోగరె ప్రసాదంతో పత్రికాఫీసుకు నడిచేవాడు. తమ వీధి కొళాయికి నీళ్ళు రావడం లేదని వార్త వేయించాలని ఆయన ఆశ.

"జాబు రాస్తే బుట్టలో పడతాది. మొగం చూస్తే మనసులో పడతాది" అనేవాడు.

విలేఖరి పాండురంగను ఇంటి క్షేమమడిగి, ఆకు పొట్లం విప్పి దగ్గరుండి తినిపించేవాడు.

ఒకనాడు వార్త వచ్చింది. అందులో నీళ్ళ ఊసే లేదు, అంతా పులియోగరె రుచి గురించే! మరునాడు ఇంటిముందు ప్రసాదానికి జనం బారులు తీరారు.

"వీళ్ళకి చేతులు కడుక్కొనేకైనా నీళ్ళుండాయా?" అని భార్య అక్కయమ్మ కసిరింది.

ఓబళప్ప మళ్ళీ పొట్లంతో పాండురంగ దగ్గరికే వెళ్ళాడు.

"బాగా రాసినావప్పా. నీళ్ళు లేక రేపట్నుంచి పులియోగరె నిలిచిపోతాదని, అదొక్క మాట కూడా రాసి పుణ్యం కట్టుకో."