బోర్లో జారిన పైపు

చుట్టం వస్తే మా ఇళ్లలో చెంబు కూడా ఎత్తనివ్వం. ఆ మర్యాదే నా చేత తప్పు చేయించింది.

మాది చొప్పదండి. చేతిపంపుల మెకానిక్‌గా నా సర్వీసంతా జైనూర్ గుట్టల్లోనే గడిచింది. రిటైరవడానికి ముందు, నా దగ్గర నెల రోజులు పని నేర్చుకొమ్మని, అక్కడ పనిచేసే ఒక సంస్థవాళ్లు ఒక ఆఫ్ఘన్ మనిషిని పంపారు. యుద్ధాలతో చితికిన దేశం. వాళ్ల ఊరంతటికీ ఒకటే చేతిపంపు. అది ఆగిపోతే ఆడవాళ్లు నీళ్లకు కొండ దిగి పోవాల్సిందే. అతనికి ఉర్దూ వచ్చు, నాకు మా కరీంనగర్ ఉర్దూ ఉంది. ఇంకేం, మాటలకు కొదవ లేదు.

సగం నెల దాకా పైపులు నేనే లాగాను, నీళ్లను పైకి లాగే తోలు వాషర్లు నేనే మార్చాను. అతణ్ని నీడన మంచం మీద కూర్చోబెట్టి చాయ్ తాగించాను. ఎంత బాగా నేర్పుతున్నానో అని నాలో నేనే మురిసిపోయాను.

ఒక గూడెంలో పంపు విప్పుతుంటే, బిందెతో వచ్చిన ముసలమ్మ అతణ్ని చూసింది.

"గాయన ఎవలు బిడ్డా?"

"మా చుట్టం. పని నేర్సుకునేటందుకు వచ్చిండు."

"మంచమ్మీద కూసుండి నేర్సుకుంటడా? రేపు వాళ్లూర్ల ఖరాబైతే నువ్వు పోతవా?"

అతణ్ని మంచం మీంచి లేపాను. పానా అతని చేతికిచ్చాను.

అతను పైపును పట్టి ఉంచే క్లాంపు సరిగా బిగించలేదు. పైపులన్నీ సర్రున బోర్లోకి జారిపోయాయి. ఆ గూడేనికి ఇక వాగే దిక్కు. అతను తల పట్టుకుని కూలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. నేనే తీద్దామని ముందుకు పోతే ముసలమ్మ అడ్డమొచ్చింది.

"జర ఆగు. పడేసినోడే తీస్తడు. మేం ఇంకో పూట వాగు నీళ్లు తాగుతం."

పొద్దుగూకే దాకా అతను తాడుకు కట్టిన కొక్కెం బోర్లోకి దించి పైపుల కోసం వెతుకుతూనే ఉన్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు. చివరికి పైపులు తీసి, మళ్లీ దించి బిగించాక, ముసలమ్మ మొదటి బిందె అతని చేతే నింపించింది.

కొన్నేళ్లకు వాళ్ల దేశంలో సర్కారు కూలిపోయింది. అతణ్ని పంపినవాళ్లు, సామాను ఇచ్చేవాళ్లు దేశం విడిచి పోయారు. టీవీ ముందు కూర్చుని నేను అతని ఊళ్లోని ఆ ఒక్క పంపు గురించే ఫికర్ పడ్డాను. ఇక దాని పని అయిపోయిందనుకున్నాను.

మొన్న ఫోన్లో వీడియో వచ్చింది. అతనే, గడ్డం నెరిసింది. సైనికులు వదిలేసిపోయిన బూట్ల తోలు కోసి వాషర్లు చేస్తున్నాడట. పంపు కొడితే నీళ్లు ధారగా పడుతున్నాయి. స్టోరు నుంచి వాషరు రాలేదని వారాల తరబడి పని ఆపి కూర్చున్నవాణ్ని నేను. బూటు తోలు సంగతి నేను నేర్పలేదు, నాకెన్నడూ తోచలేదు.

"ఉస్తాద్, ఇప్పుడు పక్క ఊళ్లవాళ్లకు నేర్పుతున్నాను" అన్నాడు ఉర్దూలో.

తర్వాత వీడియో ఒక పక్క ఊళ్లోకి మారింది. అక్కడ ఎవరో ఇద్దరు బోర్లోకి కొక్కెం దించి, చెమటలు కక్కుతూ వెతుకుతున్నారు. అతను మాత్రం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.