గోడవైపు తిరిగిన కంచం

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన పెళ్లయిన కొత్తల్లోనే కనిపెట్టాడు. పాలు పల్చగా ఉంటే పాలవాడు నీళ్లు కలిపాడంటాను. నేను సందులోకి రాగానే ఆడవాళ్ల మాటలు ఆగితే, అవి నా గురించేనంటాను. ఎవరో ఒకరిని అనుమానించకపోతే నాకు పూట గడవదు. అందుకే నాలుగేళ్ల మా పాప చిక్కిపోతోందని తెలియగానే నా చూపు తిన్నగా అంగన్‌వాడీ ఆయా మీదికి పోయింది.

గిద్దలూరులో మా ఇంటికి రెండు వీధుల అవతలే అంగన్‌వాడీ. పొద్దున పాపను అక్కడ దింపి వచ్చి నేను మిషను కుట్టుకుంటాను. మధ్యాహ్నం పిల్లలకు అక్కడే అన్నం, పప్పు, గుడ్డు పెడతారు. అయినా పాప ఇంటికొస్తూనే వంటింట్లో దూరి, పొద్దుటి రొట్టె ముక్కయినా సరే ఆవురావురుమంటూ తినేది. అక్కడ కడుపు నిండితే ఇంత ఆకలి ఎక్కడిది? గుడ్డు తిన్నావా అంటే తల అడ్డంగా ఊపేది. మరి ఎవరు తిన్నారంటే నోరు విప్పేది కాదు. ఇంకేం కావాలి నాకు? ఆయా ఇంట్లో ఇద్దరు మనవలున్నారు, ఇద్దరికీ బుగ్గలు బూరెల్లా ఉంటాయి. కంచే చేను మేస్తోందని తేల్చేసుకున్నాను.

అప్పుడు మా అమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉంది. ఆమె లెక్క వేరు. పిల్లకు దిష్టి తగిలిందని రోజూ సాయంత్రం ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. నరుడి కంటికి నాపరాళ్లు పగులుతాయి, ఇది ఎంత అనేది. మిరపకాయల ఘాటుకు ముగ్గురం దగ్గేవాళ్లమే తప్ప పాప ఒళ్లు మాత్రం చేయలేదు.

ఒకరోజు చెప్పాపెట్టకుండా అన్నాల వేళకు వెళ్లాను. ముందు వాకిలికి పోకుండా పక్కసందులోంచి కిటికీ దగ్గర నిలబడ్డాను. దొంగను పట్టుకోవాలంటే దొంగలాగే పోవాలి కదా. లోపల పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఆయా ఒక్కొక్క కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, గుడ్డు పెడుతూ వస్తోంది. నేను కళ్లార్పకుండా ఆమె చేతులే చూస్తున్నాను. మా పాప కంచంలోనూ గుడ్డు పడింది.

ఆయా అటు తిరగ్గానే పాప కంచాన్ని పట్టుకుని మెల్లగా గోడవైపు తిరిగింది. గౌను అంచు లాగి కంచం మీద కప్పింది. గుడ్డును పిడికిట్లో దాచుకుంది. తినలేదు. పక్కపిల్ల తొంగిచూస్తే మోచెయ్యి అడ్డం పెట్టింది. పిల్లలందరూ తిని లేచి చేతులు కడుక్కుంటున్నా అది అట్లాగే కూర్చుంది. ఆకలితో పెదాలు తడుపుకుంటోంది, చెయ్యి మాత్రం నోటి దాకా పోవడం లేదు.

ఆయా నన్ను చూసి బయటికి వచ్చింది. నేనెందుకు వచ్చానో ఆమెకు అర్థమయ్యే ఉంటుంది.

"రోజూ ఇంతేనమ్మా. అందరు చూస్తాండారు, నేను తినను అంటది. అందరు పోయినాక తిందువులే అంటే, అప్పటికి నిద్రపోతది. నేను పెట్టబోతే నోరు గట్టిగ మూసుకుంటది," అంది.

ఆయా మీది అనుమానం అక్కడితో తీరిపోయింది. కానీ నా అనుమానానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇంటికి నడుస్తుండగానే అది మా అమ్మ మీదికి మళ్లింది. ఎందుకు మళ్లదు? తినేటప్పుడు ఎవరూ చూడకూడదని నాకు నేర్పిందే ఆమె.

బేస్తవారిపేట దగ్గర మా ఊళ్లో, అన్నం వేళ అయితే మా ఇంటి తలుపు పడేది. ఎండాకాలం ఉక్కలో కూడా. నాయన గొర్రెల వెంట పోయేవాడు. అమ్మ గడియ పెట్టి, నన్నూ తమ్ముడినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టేది. ఎవరైనా బయట నుంచి పిలిస్తే నోరు కదపకుండా ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇప్పుడే తిన్నాం వదినా అని అమ్మ లోపలి నుంచే జవాబు చెప్పేది. అందరిలోకీ ఎదురింటి పెద్దమ్మ చూపు చెడ్డదట. ఆమె అప్పుడప్పుడు గిన్నెలో కూర తెచ్చి వాకిట్లో నిలబడేది. అమ్మ తలుపు ఓరగా తీసి, మాకు ఉందని చెప్పి పంపేసేది. నాకు జ్వరం వస్తే పెద్దమ్మే కారణం అనుకునేదాన్ని. ఆమె చనిపోయినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు.

ఇంటికి రాగానే అమ్మను నిలదీశాను. పిల్లను గోడకు తిప్పి కూర్చోబెట్టావా, ఎవరి చూపో పడుతుందని భయపెట్టావా అని గట్టిగానే అడిగాను. అమ్మ నల్లకళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"నేను వచ్చిందే మొన్న. పిల్ల ఈ అలవాటు ఎప్పుడు నేర్చిందో ఆయమ్మను అడుగు. నేను తలుపేస్తి, నిజమే. మరి నువ్వు ఇప్పుడు ఎందుకు గోడకు తిరిగి తింటాండవు? ఆవు చేన్లో మేస్తే దూడ గట్టున మేస్తదా?"

నేను కోపంగా వంటింట్లోకి పోయాను. పొయ్యి గట్టు చివర, గోడకు ఆనించి నా కంచం ఉంది. నేను రోజూ అక్కడే నిలబడి, వాకిలికి వీపు పెట్టి, గబగబా నాలుగు ముద్దలు మింగి కంచం కడిగేస్తాను. కాళ్లు నొప్పులు పుట్టినా కూర్చుని తినను. పెళ్లిళ్లలో బంతికి పిలిస్తే ఉపవాసమని అబద్ధమాడతాను. మా ఆయన ముందు కూడా నేను కడుపారా తిన్నది లేదు. ఇదంతా నాకు తెలియనిది కాదు. కానీ దాన్ని చూసే రెండు చిన్న కళ్లు ఇంట్లో ఉన్నాయని మాత్రం నాకు ఎన్నడూ తట్టలేదు.

అమ్మ వెనకే వచ్చింది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"దిష్టీ లేదు, ఏమీ లేదు. ఆ యేండ్లు వానల్లేవు. మీ కంచాల్లో సంగటి, మిరపకాయ, అంతే. సంగటి గూడ సగం నీళ్లే. అది ఊరు చూస్తే మీ నాయన తలెత్తుకోని తిరగలేడు. మీకు చెప్తే బయట అంటారని, దిష్టి అంటిని."

మరి ఎదురింటి పెద్దమ్మ సంగతేంటని అడిగాను.

"ఆమెకు తెలుసు. అందుకే గిన్నె తెస్తాండె," అంది అమ్మ.

నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. వానలు పడ్డ ఏళ్లలో, ఇంట్లో మాంసం వండిన రోజున కూడా తలుపు మూసింది కదా అన్నాను. అప్పటికి అలవాటైపోయిందని చెప్పి, అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీదికి పోయి పడుకుంది. ఆ పెద్దమ్మను తలచుకుని నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఆయాను అడిగి నేనూ ఆ పిల్లల వరసలో, పాప పక్కన కూర్చున్నాను. నాకూ ఒక కంచం పెట్టింది. ముద్ద కలిపానే గానీ చెయ్యి లేవలేదు. చుట్టూ పిల్లలందరూ తినడం మాని నన్నే చూస్తున్నారు. ఇంత వయసొచ్చి పప్పన్నానికి భయపడుతున్నానని నా మీద నాకే రోత పుట్టింది.

పాప నా మొహంలోకి చూసింది. నా అవస్థ దానికి అర్థమైంది. నా కంటే బాగా దానికే కదా తెలిసేది. నా చెవి దగ్గరికి జరిగింది.

"నువ్వు తినమ్మా. నేను చూడన్లే," అని రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకుంది.

ఎడమచేత్తో ఆ చేతులను కిందికి దించాను. చూడమ్మా అన్నాను. అది చూస్తుండగానే ముద్ద నోట్లో పెట్టుకున్నాను.