దస్తావేజు వెనక వైపు

కాగితం మీద ముడత కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ అరబ్బు దేశం వచ్చి, అస్కర్ కూలీల క్యాంపులో ఉండి సిమెంటు మోసినన్నాళ్లూ ఈ కోపానికి పని పడలేదు. జిదాఫ్స్‌లో ఫ్రేములు కట్టే దుకాణంలో చేరాకే పడింది.

మా దుకాణానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఇక్కడివాడే, వకీలు పని మానేసి ఇంట్లో ఉంటున్నాడు. అమెరికా కొత్తగా దేశమైన రోజుల నాటి కోర్టు కాగితాలు, భూమి దస్తావేజులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుని దాచుకోవడం ఆయన పిచ్చి. ఒకరోజు రెండు వందల ఏళ్లు దాటిన దస్తావేజు తెచ్చి, "ఫ్రేము కట్టు. కాగితాన్ని మాత్రం ఏమీ చేయకు" అని హిందీలో చెప్పి వెళ్లాడు.

చేయకుండా ఉంటే బాగుండేది. మడతల దగ్గర కాగితం పొంగి ఉంది. నాకు చేతులు ఊరుకోలేదు. మైదా ఉడికించి జిగురు చేసి, అట్టకు నున్నగా అతికించేశాను. వెనక వైపు ఏదో రాసి ఉండటం చూశాను, చూసీ వదిలేశాను. మా ఇంట్లో భూమి పహాణీ నకలు వెనక ఫోన్ నంబర్లు, పిల్లలు గీసిన బొమ్మలు ఉంటాయి. కాగితానికి వెనక వైపంటే నాకు తెలిసింది అదే.

నాతో పనిచేసే కోనసీమ అన్న నెత్తి కొట్టుకున్నాడు.

"వెనకాల అంత రాసుంటే చూసుకోవక్కర్లేదేంట్రా? వీసా ఇచ్చిన కఫీల్‌కి తెలిస్తే నీ డ్యూటీ ఖలాస్!"

"ఇప్పుడేం జెయ్యాలె అన్నా? మల్ల క్యాంపుకే పోవాల్నా?"

"ముందు ఆయనకి నిజం చెప్పెయ్."

ఆయన రాగానే చెప్పేశాను. పెద్దాయన అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీలో కూలబడి, తనకు కావలసింది ఆ వెనక రాతేనన్నాడు. ఆ కాలంలో అక్కడ మొగుడు భూమి అమ్మితే, అధికారి పెళ్లాన్ని పక్కకు పిలిచి, మొగుడు వినకుండా, "ఇది నీకిష్టమేనా, ఎవరైనా బెదిరించారా" అని అడిగేవాడట. ఆమె ఒప్పుకున్న సంగతి దస్తావేజు వెనక రాసేవాడట. ఈ దస్తావేజులో ఉన్నామెకు సంతకం రాదు, అందుకని గుర్తు పెట్టింది. ఆమె చేతిది ఇంకేదీ మిగల్లేదన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయనే అడిగాడు. "ఏం జిగురు వాడావు?"

"మైదా, సాబ్."

"మైదా ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆయన లేచి నిలబడ్డాడు. కొన్న జిగురైతే ఆశ వదులుకునేవాణ్ణి, మైదా అయితే తడికి వదులుతుంది అన్నాడు. "యల్లా, కానివ్వు, నువ్వే తీయాలి."

దస్తావేజును బోర్లా పెట్టి, అట్టను పొరలు పొరలుగా ఒలిచాను. చివరి పొరకు తడిగుడ్డ అద్దడం, ఆగడం, గోటితో కాస్త లేపడం. నీళ్లు ఎక్కువైతే సిరా పారుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలాక వచ్చే అసర్ నమాజు పిలుపు వినిపించేదాకా పట్టింది. ముందు రాత బయటపడింది. ఆఖర్న, కింది మూలలో, ఒకదాన్నొకటి దాటుతూ రెండు వంకర గీతలు. చెదరలేదు! పెద్దాయన నా భుజం పట్టుకున్నాడు. నేను ఏడ్చేశాను, దాచేదేముంది.

అప్పటి నుంచి ఆయన కాగితాలన్నీ నా చేతికే ఇస్తున్నాడు. వెనక వైపు కూడా కనిపించేలా రెండద్దాల మధ్య కడుతున్నాను. ముడతలు ముడతల్లాగే ఉంటున్నాయి.

ఆ గుర్తు బయటపడిన సాయంత్రమే ఇంటికి ఫోన్ చేశాను. ఊళ్లో రోడ్డు పక్కన మాకున్న అరెకరం అమ్మేయమని అంతకు నెల ముందే మా తమ్ముడికి చెప్పాను. నా భార్యకూ చెప్పాను. అడగలేదు.

"తమ్ముడు పక్కనున్నడా?"

"ఉన్నడు. ఏమైంది?"

"నువ్వు జర అవుతలికి పో. నీతోనే మాట్లాడాలె."

తలుపు చప్పుడైంది. "ఆఁ, చెప్పు."

"ఆ భూమి అమ్ముడు నీకిష్టమేనా?"

చెప్పుల చప్పుడు వినిపించింది, ఇంకాస్త దూరం నడిచినట్టుంది.

"నాకిష్టం లేదు," అంది. "అమ్మొద్దు. అండ్ల పసుపు పంట పెడ్త."

మా పెళ్లయి పదహారేళ్లు. ఆమె నోట 'ఇష్టం లేదు' అన్న మాట వినడం నాకు అదే మొదటిసారి.

"పెట్టు," అన్నాను.