తలకిందులుగా చదివిన మావయ్య

ఆ రోజుల్లో కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి చూస్తే సగంమంది లాయరనుకునేవారు, మిగతా సగంమంది పాపం అనుకునేవారు. దాన్ని తయారుచేసేవాడంటూ ఒకడుంటాడని ఎవరికీ తోచేది కాదు. నాకూ తోచలేదు, ఇంటర్ తప్పేదాకా. తప్పాక, బందరులో ఒక కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఏడాదిపాటు కళ్ళజోళ్ళు చెయ్యడం నేర్పుతారని తెలిసి చేరాను. రోజంతా నిలబడి గాజుబిళ్ళలు అరగదీయడం, వాటిని ఫ్రేములో బిగించడం, బిగించింది ముక్కు మీద నిలుస్తుందో జారుతుందో చూడటం, ఇదీ మా చదువు. మా మాస్టారిని చాటుగా భూతద్దం అనేవాళ్ళం. మన తప్పు ఆవగింజంతయితే ఆయనకి గుమ్మడికాయంత కనపడేది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. (నా కోపం సంగతి కావాలంటే మా ఆవిడనడగండి. వద్దులెండి, ఆవిడ మొదలుపెడితే ఆపదు.)

ఏడాది చివర పరీక్ష. ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. వాడి చూపు పరీక్షించి, స్వయంగా జోడు చేసి, మాస్టారి ఎదుట వాడిచేత అచ్చుకాగితం చదివించాలి. గడగడా చదివితే సర్టిఫికెట్టు. అది చేతికొస్తే గుడివాడలో కళ్ళజోళ్ళ షాపులో నాకు ఉద్యోగం ఖాయం. వచ్చే నెల మొదటికల్లా రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని షాపాయన ముందే చెప్పేశాడు. నేను మొవ్వనుంచి మా మేనమామని పిలిపించి, ముందే చూపు పరీక్షించి పంపాను. వీధిబడి పంతులు, అరవై దాటిన మనిషి, రెండు కళ్ళకీ రెండు రకాల చూపు. పరీక్షనాడు బొగ్గు బస్సులోంచి మొహమంతా మసితో దిగి (యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి), "ఏరా అబ్బాయ్, జోడు సిద్ధమేనా? ఇవాళ నీ మావయ్య తడాఖా చూద్దువుగాని" అన్నాడు.

మా ముందు నలుగురి వంతు అయింది. నా వంతు రాగానే గుండ్రటి అద్దాల జోడు మావయ్య ముక్కు మీద పెట్టాను. "చదవండి" అన్నారు మాస్టారు. మావయ్య గొంతు సవరించుకుని రాగం ఎత్తుకున్నాడు. ఆ కాగితం మీద అచ్చువేయించింది మా వైపు బడికెళ్ళిన ప్రతివాడికీ నోటికొచ్చే పద్యం! మావయ్య దాన్ని నలభయ్యేళ్ళుగా పిల్లలచేత వల్లె వేయిస్తున్నాడు. చూపు పరీక్షకి అలాంటి పద్యం పెట్టినవాడి బుద్ధిని ఏమనాలో మీరే చెప్పండి. రెండో పాదంలో ఉండగా మాస్టారు తన చేతిలోని కాగితాన్ని తలకిందులుగా తిప్పారు. మావయ్య ఆగలేదు. మూడో పాదం అందుకున్నాడు, నాలుగో పాదంలో మంచి దీర్ఘం కూడా తీశాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది.

"మీ మావయ్యగారికి నీ జోడెందుకయ్యా? తలకిందులుగా కూడా చదివేస్తున్నారు" అని మాస్టారు జోడు తీసి వెలుతురులో చూశారు. "కుడికన్ను అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించావు. ఎదురుగా కూర్చున్నవాడి కుడి నీకు ఎడమవైపు ఉంటుందని కూడా తెలీదూ? వెళ్ళు. మళ్ళీ ఆర్నెల్లు చదువు."

బస్సు దగ్గరికి వెళ్ళే దారంతా మావయ్యని దులిపేశాను. "కనపడకపోతే కనపడలేదని చెప్పొచ్చుగా! ఎవరు పాడమన్నారు నిన్ను? నలుగురిలో నా పరువు తీశావు కదా!" నడిబజారని చూడకుండా అరిచాను. ఆయన, మాస్టారు తిరిగిచ్చిన జోడు మళ్ళీ పెట్టుకుని, రాళ్ళకి తట్టుకుంటూ నా వెనకే వచ్చాడు. చివరికి బస్సు మెట్టు పట్టుకుని అన్నాడు: "పెట్టగానే తెలిసిందిరా, అంతా మసకేనని. కనపడలేదంటే నీ నోటికాడ కూడు పోతుంది కదా అని పాడాను. ఆయన కాగితం తిప్పుతాడని నాకేం తెలుసు?"

ఆ మాట విన్నా నేను ఇంకా కోపంగానే ఉన్నాను. టిక్కెట్టు కొనిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. గుడివాడ ఉద్యోగం ఇంకొకడికి పోయింది. ఆ ఆర్నెల్లూ మాస్టారి మీద, కాగితం మీద, మావయ్య మీద పళ్ళు నూరుతూనే గాజు అరగదీశాను. రెండోసారి వేరే మనిషిని తెచ్చుకుని పరీక్ష గట్టెక్కాక, ఇహ తప్పదన్నట్టు మొవ్వ వెళ్ళాను.

మావయ్య అరుగుమీద పిల్లల మధ్య కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద అదే జోడు. వచ్చేపోయేవాళ్ళకి, "మా మేనల్లుడు స్వయంగా చేసిందండీ, బందరు చదువు!" అని చూపిస్తున్నాడట. లేచి నడవాలంటే మాత్రం తీసి జేబులో పెట్టుకుంటున్నాడట. ఈ మాట మా అత్తయ్య నన్ను లోపలికి పిలిచి చెప్పింది. నేను జోడు లాక్కుని, మరలు విప్పి, అద్దాలు అటుదిటూ ఇటుదటూ మార్చి బిగించాను. ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల పని పరీక్షనాడు బస్సు దగ్గర నిలబడి కూడా చెయ్యగలిగేవాణ్ణి. తప్పేమిటో మాస్టారు చెప్పనే చెప్పారు, మరలు విప్పే పనిముట్టు నా జేబులోనే ఉంది. కోపంతో నాకు తోచనే లేదు. ఆర్నెల్లపాటు ఆయన నా తప్పుని ముక్కు మీద పెట్టుకుని ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

మావయ్య జోడు పెట్టుకుని పిల్లల్ని చూడలేదు, పుస్తకం చూడలేదు. నా మొహంలో మొహం పెట్టి చాలాసేపు చూశాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! మీసాలొచ్చాయేమిట్రా నీకు? ఎప్పుడొచ్చాయి?" అన్నాడు. నేను ఏడుస్తూ, "వచ్చి రెండేళ్ళయింది మావయ్యా" అని ఆయన మీదే విసుక్కున్నాను. ఆ విసుక్కున్న వెధవని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నాలుగు తగిలించాలనీ ఉంటుంది.