గాలిలో వాయించిన కిన్నెర

మొన్న సాయంత్రం టీవీలో పట్టు జుబ్బా వేసుకున్న కుర్రవాడెవరో కొన్ని వందల ఏళ్ల నాటి కిన్నెరను తిరిగి తయారుచేశానని, అందుకు గుడి స్తంభాల మీది బొమ్మలు కొలిచానని చెబుతుంటే నాకు అరచేతులు తడిసిపోయాయి. ఉక్కగా ఉందనుకుని మనవరాలు ఫ్యాను వేసింది. ఫ్యానుకు ఆరే చెమట కాదది, యుద్ధకాలం నాటిది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తొండేభావి బడిలో కొత్తగా మేష్ట్రుగా చేరాను. మంచేనహళ్ళి పక్కన మా ఊరి గుడిలో, దీపారాధన వేళ దేవుడి ముందు కిన్నెర వాయించే సేవ తరతరాలుగా మా ఇంటిది. వెదురు దండె, కింద మూడు సొరబుర్రలు, పైన మైనంతో నిలబెట్టిన మెట్లు, రెండు తీగలు, ఇంతే కిన్నెరంటే. ఆ ఇంతే మా ఇంట్లో లేదు. తాత పోయిన ఏడాదే బుర్రలను ఎలుకలు, వెదురును చెదలు పంచుకున్నాయి. అప్పటికి మా నాన్నకు పన్నెండేళ్లు. తాత పక్కన కూర్చుని వేళ్ల నడక మాత్రం నేర్చుకున్నాడు. సేవ ఒక్కపూట ఆగినా హక్కు పోతుందని భయపడి అవ్వ ఆయన్ని వట్టి చేతులతోనే దేవుడి ముందు కూర్చోబెట్టింది. అది మొదలు నలభై ఏళ్లు నాన్న గాలిలోనే వాయించాడు. వేళ్లు ఆడేవి, తల ఊగేది, ఊరివాళ్లు కళ్లు మూసుకుని వినేవాళ్లు. ఒక్కనాడూ శ్రుతి తప్పలేదు.

గుడి వ్యవహారాలు చూడటానికి చిక్కబళ్ళాపురం నుంచి కొత్తగా వచ్చిన పారుపత్తేదారుకు మాత్రం ఏమీ వినపడలేదు.

“ఆ యప్ప ఏం చేస్తాండాడప్పా?” అని పూజారిని అడిగాడు.

“కిన్నెర వాయిస్తాండాడు సామీ.”

“యాడుండాది కిన్నెర?”

పూజారి దేవుడి వైపు చూశాడు. దేవుడు కూడా సాయం రాలేదు. తేరునాటికి నిజమైన కిన్నెర మీద, మా తాత వాయించినట్టే వాయించి చూపాలని, లేకపోతే ఆ చోటు చింతామణి ఊరి హార్మోనియం వాళ్లదని తీర్పు అయింది. తాత వాయిద్యం విన్నవాళ్లలో నాన్న కాక మిగిలింది అవ్వ ఒక్కతే కాబట్టి సాక్ష్యం ఆమెదే.

మాకున్న గడువు ఒక్క నెల. గుడి స్తంభం మీద కిన్నెర పట్టిన బొమ్మ ఉంది. దాన్ని పురికొసతో కొలిచి చేసిన మొదటి దండె రోకలంత లావు వచ్చింది. మా పెద్దలు ఆ బొమ్మకు పూస్తూ వచ్చిన నూనె జిడ్డు అట్టకట్టి ఉందని, కొలిచింది దాన్నేనని తర్వాత తెలిసింది. గోకడానికి నాన్న ఒప్పుకోలేదు, దేవుడి జిడ్డట; కంటి అంచనాతోనే సన్నటి వెదురు ఎంచుకున్నాను. యుద్ధంవల్ల తీగ దొరక్క, కంసాలిని బతిమాలి ఇత్తడిని సాగదీయించాను. అన్నీ కుదిరాక అసలు చిక్కు మిగిలింది. మెట్లు యాడ పెట్టాలి? చివరకు నాన్న వేళ్లకు దీపపు మసి పూసి, ఆ వెదురు చేతికిచ్చి, కళ్లు మూసుకుని రోజూలాగే వాయించమన్నాను. మసి పడిన చోటల్లా మైనం పెట్టి మెట్టు నిలబెట్టాను. శాస్త్రం తెలిసినవాళ్లు నన్ను క్షమించాలి.

తీగ మోగగానే నాన్న ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకున్నాడు. “ఇది అరుస్తాదేమిరా!” అన్నాడు. నలభై ఏళ్లుగా మాట్లాడనిది ఒక్కసారి నోరు తెరిస్తే ఎవరికైనా భయమే. నాకు వేరే భయం. పాటంతా బాగానే ఉంది కాని మూడో మెట్టు దగ్గర స్వరం ఒక పక్కకు ఒరిగిపోతోంది. సరిచేద్దామని మెట్టు జరిపితే నాన్న వేలు పాతచోటికే పోయి పడుతోంది.

తేరునాడు పొద్దున్నే అవ్వ కాళ్లు పట్టుకున్నాను. “బాగుండాదని ఒక్క మాట చెప్పవ్వా.”

“బాగుంటే చెప్తాలేరా” అంది. ఇంటి కోసమైనా అబద్ధమాడే మనిషి కాదు. ఆ గుణం మాలో ఎవరికీ రాలేదు.

ఆ సాయంత్రం హార్మోనియం వాళ్లు పెట్టె విప్పి సిద్ధంగా కూర్చున్నారు. నాన్న వాయించాడు. మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి హార్మోనియం ఆయన నవ్వుకుంటూ ఒక మెట్టు నొక్కి, అసలు స్వరం ఎక్కడుందో ఊరంతటికీ వినిపించాడు. పారుపత్తేదారు అవ్వ వైపు తిరిగి, “నువ్వు చెప్పమ్మా, మీ ఆయన వాయించినట్టే ఉండాదా?” అన్నాడు.

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఇట్లే సామీ. ఆడికొచ్చేసరికి ఇట్లే శ్రుతి పోగొట్టేవాడు. ఎన్నితూర్లు చెప్పినా వినేటోడు కాదు.”

సేవ మాకు దక్కింది. నలభై ఏళ్లూ తప్పే వాయించానని ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు; మిగిలింది నేను తిన్నాను.

అవ్వ, నాన్న వెళ్లిపోయాక, ఉద్యోగం చేస్తూనే నేనూ చాలా ఏళ్లు వాయించాను, ఆ ఒరుగుడుతో సహా. ఇప్పుడు మా గుడిలో మీట నొక్కితే నగారా, గంటా వాటంతటవే మోగుతాయి, ఎన్నడూ తప్పు పోవు. పండగలకు నన్ను పిలిచి వాయించమంటారు. శ్రుతి తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తారు, తెలియనివాళ్లు శాలువా కప్పుతారు. అది ఎవరి తప్పో గుర్తుపట్టి కళ్లు ఒత్తుకునే మనిషి మాత్రం ఆ గుంపులో ఒక్కరూ లేరు.