ఇసుకలో ఘటాల పెంకులు

మలేషియాలోని బటాంగ్ బెర్జుంటై శివార్లలో తగరం గనులు మూతపడ్డాక మిగిలింది ఇసుకే. గడ్డి కూడా సరిగా మొలవని ఆ తెల్లటి ఎడారి మధ్యలో పసుపు పూసిన రాయి ఒకటి ఉంది. రబ్బరు తోటలో పని చేయడానికి వచ్చిన తాతల కాలం నుంచీ కూర్మమ్మ వాళ్ళకు అమ్మవారు అదే. గుడి లేదు, కప్పు లేదు.

ఇప్పుడక్కడ సోలార్ ప్యానెళ్ళు రాబోతున్నాయి. పాత పూజాస్థలమని తేలితే చుట్టూ జాగా వదలాలన్నది ప్రభుత్వం కంపెనీకి పెట్టిన షరతు. తేలకపోతే రాయిని ఎత్తేస్తారు. డెబ్బై రెండేళ్ళ కూర్మమ్మకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

పరిశీలనకు వచ్చిన అధికారి రుబిని రాయి చుట్టూ మెరుస్తున్న టైల్స్ చూసింది. "ఇవెప్పుడు వేశారు?" అని తమిళంలో అడిగింది.

"పోయిన నెలే మిస్!" అన్నాడు కూర్మమ్మ కొడుకు శంకర్, గర్వంగా. "మీరొస్తున్నారని సిమెంటు దిమ్మ కూడా కట్టించినాను. బాగుంది కదా?"

"చాలా బాగుంది. ప్రాజెక్టు నోటీసు చూసి కట్టిన కొత్త గుడి అని రాయడానికి ఇంకేం కావాలి?"

కూర్మమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. "అమ్మోరికి బాత్రూం కట్టినావు కదరా! ఎల్లి సమ్మెట తే."

"ఏటికమ్మా?"

"ఏటేటా అమ్మోరి పండక్కి మేం తెచ్చిన మట్టి ఘటం ఇంటికి తిరిగి పట్టుకెల్లినామేటి? ఇక్కడే పగలగొట్టి ఎల్లిపోతాం. ఆ పెంకులు ఎక్కడికి పోతాయి? నీ దిమ్మ కిందే ఉంటాయి."

దిమ్మ పగలడానికి గంట పట్టింది. ఇసుకలో పైన సన్నటి ఎర్ర పెంకులు, వాటి కింద మందపాటివి, ఇంకా కింద నల్లబడ్డవి. మోచేతి లోతుకి వెళ్ళినా ఆగలేదు. కూర్మమ్మ రెండు చేతులా తోడబోతుంటే రుబిని కేక వేసింది.

"ముట్టుకోకండమ్మా! పొరలు చెదిరిపోతాయి."

"పగలగొట్టినోళ్ళం మేము. మమ్మల్నే ముట్టుకోవద్దంటావేటి పిల్లా!"

రుబిని నవ్వి కొలతలు రాసుకుంది, ఫొటోలు తీసుకుంది. నాలుగు మేకులు దిగ్గొట్టి ఎర్ర రిబ్బను చుట్టింది. "తుది నిర్ణయం నాది కాదు. కానీ ఈ పెంకులు చూశాక ఇది పాత స్థలం కాదనడం ఎవరికైనా కష్టమే. ప్యానెళ్ళు ఈ రిబ్బనుకి యాభై అడుగుల అవతలే ఆగాలని రాస్తున్నాను."

"మరి ఈయేడు ఘటం?"

రుబిని రిబ్బను చూపించింది. "రిబ్బను బయట పగలగొట్టండి."

కూర్మమ్మ రిబ్బను పక్కన నాలుగడుగులు వేసి, నేల చదునుగా ఉన్న చోట మడమతో గుర్తు పెట్టింది.