రాస్ తనూరాలో అమెరికా వకీలు

సౌదీలోని మా కంపెనీ క్యాంపులో, ఖాళీ చేసి వెళ్లిన ఇంజనీరు గదిలో నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నూట యాభై ఏళ్ల కిందటి అమెరికా వకీలు జీవితం. రైతు కొడుకు. ఇంకో వకీలు దగ్గర కాగితాలకు నకళ్లు రాస్తూ చట్టం నేర్చుకున్నాడు. రెండుసార్లు తన రాష్ట్ర శాసనసభకు గెలిచాడు, మూడోసారి సొంత ఊరివాళ్లే ఓడించారు.

అప్పటికి మా కంపెనీ నితాఖత్‌లో, అంటే కంపెనీలు సొంత దేశస్థులకు ఎన్ని ఉద్యోగాలిచ్చాయో చూసే సర్కారు లెక్కలో, ఎరుపులో పడి ఉంది. సరిపడా సౌదీలను పెట్టుకోలేదని మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండేందుకిచ్చే కార్డులు, రెన్యువల్ చేయడం ఆపేశారు. ఇఖామా లేకుండా గేటు దాటితే పోలీసులు పట్టుకుపోతారు. ఆ నాలుగు గోడల మధ్య వకీలు కథే మాకు కాలక్షేపం. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. క్యాంపు క్లర్కును కదా, కాస్త గొప్పలు పోతూనే చెప్పేవాణ్ణి.

అందరికంటే శ్రద్ధగా వినేది జగిత్యాల మేస్త్రి. భార్యకు ఆపరేషన్ ఉంది, సెలవు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ వకీలు ఎంత తొందరున్నా ప్రతి కాగితాన్నీ మొదటినుంచి చదివి వినిపించాకే సంతకం పెట్టించేవాడట. అది మేస్త్రికి తెగ నచ్చింది.

"గట్లుండాలె వకీలంటే" అన్నాడు.

ఒక మధ్యాహ్నం మేనేజరు అరబీ కాగితాల కట్ట తెచ్చాడు. ఇఖామాల కోసమని, సాయంత్రంలోగా సంతకాలు కావాలని చెప్పిపోయాడు. నాకు అరబీ రాదు. చదవగలిగిన హైదరాబాదు డ్రైవరు పక్క వరసలోనే పడుకుని ఉన్నాడు. అందరి ముందూ అతణ్ణి పిలవడం నామోషీ అనిపించింది. నేనే ముందు సంతకం పెట్టాను.

"సదివినవా తమ్మీ?" అన్నాడు మేస్త్రి.

"సదివిన. పెట్టన్నా."

వారం తర్వాత అతను సెలవు అడిగితే మేనేజరు సంతకం పెట్టిన ఆ కాగితమే చూపించాడు. అప్పుడు డ్రైవరు చదివిపెట్టాడు. ఈ ఏడాది సెలవును మా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామని రాసి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. మేస్త్రి నన్ను తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం అతని భార్య ఫోన్లో నాతో మాట్లాడతానంటే స్పీకరు పెట్టాడు.

"తమ్మీ, శుక్రారం ఆపరేషనన్నరు. ఆయన రానంటుండు. నువ్వు మస్తు సదువుకున్నవట గదా. గా కాగితంల ఏమున్నదో ముందుగాల జూడలేదా?"

మేస్త్రి ఫోను దగ్గరికి వంగాడు.

"తమ్మి సదివే చెప్పిండు. నేనే సక్కగ ఇనలే."